నాలుగు పేకలు

మా పెద్దనాయన మార్కండేయులు జీవితంలో ఒక్కసారి కూడా పేకముక్క చేత్తో పట్టుకోలేదు. అయినా ఆదోనిలో ఒక గుండె డాక్టరు ఇచ్చిన కాగితం మీద, ఈయనకు చిన్నప్పటి నుంచి పేకాట అలవాటు ఉందని, రోజూ నాలుగైదు ఆటలు పోగొట్టుకుంటాడని ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ కాగితం మొదట చదివింది నేనే. ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర జిరాక్సు అంగడిలో పని చేస్తాను కాబట్టి ఈ ఊరి రోగాలన్నీ నా చేతుల మీదుగానే పోతాయి. చదివి నవ్వాను. నేనొక్కణ్ణే కాదు, వీధి మొత్తం నవ్వింది. ఆ నవ్వుకు నెల రోజులు పట్టింది తగ్గడానికి. ఆ నెల రోజుల్లో మనిషి పోయి ఉండాల్సింది.

ఆయనకు అరవై దాటాయి. పదేళ్ల వయసులో వాళ్ల నాయన గుంట మగ్గంలో దించాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా నడుముకు కింది భాగం నేలలోనే ఉంది. నేసేది తెల్ల పంచెలు. రోజుకు ఒకటి. తెల్ల పంచెలో పూలూ లతలూ ఉండవు, తప్పు దాచడానికి చోటుండదు. వాళ్ల నాయన నేర్పిన పద్ధతి ఒకటే: గుడ్డలో ఎక్కడైనా పల్చటి గీత పడితే, సాయంత్రం దీపం పెట్టకముందే అంతవరకూ ఊడదీసి మళ్లీ నేయాలి. తప్పు ఉన్న గుడ్డ రాత్రికి మగ్గం మీద ఉండకూడదు. పన్నెండో ఏట ఒకసారి పంచెలో సగం ఊడదీయించాడంట. అన్నం తినకుండా ఊడదీశాడు. ఈ కథ ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. నాకు వింటే కోపం వచ్చేది. నేను పదిహేనో ఏట మగ్గం దిగిపోయాను. ఎక్కడికీ చేరలేదు, అది వేరే సంగతి.

ఒక్క మాట ముందే చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. మగ్గం మీద నిలువుగా బిగించిన దారాలు పడుగు. వాటి మధ్యలోంచి నాడె అడ్డంగా మోసుకుపోయే దారం పేక. కుడిచేత్తో తాడు లాగితే నాడె ఇటునుంచి అటు పోతుంది, అదొక పేక. వెంటనే ఎడమచేత్తో అచ్చు చట్రాన్ని ముందుకు లాగి ఆ దారాన్ని గుడ్డకు గట్టిగా ఆనించాలి. టక్, టక్. మా వీధిలో పేక అంటే ఇదే. ముక్కలాటను మావాళ్లు 'ఇస్పేటు' అంటారు. మిగతా తెలుగు దేశమంతా పేక అంటే వేరే అనుకుంటుందని మావాళ్లకు గుర్తుండదు.

ఆ ఇంటి ముందు గదిలో రెండు గుంట మగ్గాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి పెద్దనాయనది, రెండోది లక్ష్మప్పది. లక్ష్మప్ప చుట్టం కాదు. ముప్పై ఏళ్ల కిందట వాళ్ల ఇల్లు వానకు కూలితే మగ్గం తెచ్చి ఇక్కడ వేశాడు, మళ్లీ తీయలేదు. ఇద్దరూ ఒకే పంచె నేస్తారు, ఒకే వేగంతో నేస్తారు. కళ్లు మూసుకుని వింటే ఒకే మగ్గం అనుకుంటారు. గిరిజమ్మ పెద్దమ్మ గోడవారన రాట్నం దగ్గర కూర్చుని ఇద్దరి నాడెల్లోకీ నూలు కండెలు చుట్టి అందిస్తుంది.

పోయిన ఏడాది ఎండాకాలం మొదట్లో ఆ రెండు చప్పుళ్లు విడిపోవడం మొదలైంది. మొదట పట్టుకున్నది లక్ష్మప్ప.

"ఏమప్పా మార్కండేయా, నేస్తాండావా నిద్రపోతాండావా? నాలుగు పేకలు పోయినాయి నీవి."

"కునుకు పట్టిందిలే."

"పొద్దున పదింటికి కునుకా? రాత్రంతా యాడికి పోయింటివి?"

"యాడికీ పోలేదు లక్ష్మప్పన్నా," అంది పెద్దమ్మ రాట్నం ఆపకుండా. "ఈడనే పండుకొని గురక పెడతాండె. నాకే నిద్ర లేదు."

అదొక సరదా అయిపోయింది. రోజుకు ఒకటి రెండుసార్లు పెద్దనాయన మగ్గం ఆగేది, లక్ష్మప్ప మగ్గం నాలుగు దెబ్బలు కొట్టేలోపు మళ్లీ అందుకునేది. "నాలుగు పోయినాయి," అనేవాడు లక్ష్మప్ప. "ఈసారి మూడే, బాగుపడినావు," అనేవాడు. పెద్దనాయన మొదట్లో నవ్వేవాడు. కళ్ల ముందు నల్లగా అవుతుందని, చెయ్యి ఎవరో పట్టుకున్నట్టు ఉంటుందని, తర్వాత మామూలేనని చెప్పాడు. మందుల అంగట్లో గ్యాస్ మాత్రలు ఇచ్చారు. ఈ ఊళ్లో గుండె అనే అవయవం ఎవరికీ లేదు, అందరికీ గ్యాసే ఉంది. పోయేరోజు ఉదయం దాకా గ్యాసే ఉంటుంది. ఆ తర్వాతే, గుండెపోటంట, అంటారు.

జూన్ నెలలో ఒక తెల్లవారుజామున వీధిలో పడుగు సాచి గంజి పెడుతున్నప్పుడు నిలువునా ఆ దారాల మీద పడిపోయాడు. నలుగురూ పరుగెత్తేసరికి తనే లేచి కూర్చున్నాడు. మొహం తెల్లగా ఉంది. ఆయన అడిగిన మొదటి మాట, "ఎన్ని పోగులు తెగినాయి?"

ఆ రోజే పెద్దమ్మ ఆయన్ని ఆదోని బస్సు ఎక్కించింది. నన్నూ రమ్మంది. బడులు తెరిచే రోజులు, అంగట్లో సర్టిఫికెట్ల జిరాక్సు కోసం జనం కిటకిట. మా సేటు వదల్లేదు. వదిలి ఉంటే ఈ కథ మొదటి రోజే ముగిసిపోయేది.

డాక్టరు మంచివాడే. గుంటూరు వైపు నుంచి వచ్చి ఏడాది అయింది. పరీక్ష చేసే అమ్మాయి ఇర్ఫానా ఛాతీకి రబ్బరు బుడ్డీలు అంటించి ఇ.సి.జి. తీసింది. అది బాగుంది. తర్వాత లోపల జరిగిన మాటలు పెద్దమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందంటే, నేను అక్కడే నిలబడి విన్నట్టు ఉంటుంది.

"ఎప్పుడొస్తోందండీ ఇలా?"

"ఎక్కువగా కూర్చున్నప్పుడే సార్. పక్కన లక్ష్మప్ప ఉంటాడు. ఆయప్పవి నడుస్తాంటాయి. నావి నాలుగు పేకలు పోతాయి. ఒగోసారి ఐదు పోతాయి."

డాక్టరు తలెత్తి చూశాడు. "రోజూ పోతాయా?"

"రోజూ పోతాయి సార్. మీ తావ దాచేదేముంది."

"రోజుకి ఎంతసేపు కూర్చుంటారు?"

"పొద్దున ఏడింటికి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా సార్."

"ఎన్నేళ్లుగా?"

"పదేళ్ల వయసప్పుడు కూర్చుంటి. మా నాయనే నేర్పించినాడు."

"మీ నాన్నగారే నేర్పించారా!"

"ఆయన కాలంలో వీధి వీధంతా ఇదే సార్. ఇప్పుడు శానా తగ్గిపోయిండారు."

డాక్టరు పెద్దమ్మ వైపు తిరిగాడు. "మీరైనా చెప్పొచ్చు కదమ్మా?"

"నేనేం సెప్పేది సార్. నేను గూడా పక్కన కూర్చొని అందిస్తాంటాను."

గుండెకు ఏమీ లేదని, అంతా టెన్షన్ అని, ఈ వయసులో పేకాట మంచిది కాదని చెప్పి, నిద్రకు ఒకటి, గ్యాస్‌కు ఒకటి రాసిచ్చాడు. డాక్టరు మాట వేరే దిక్కు మాట, మన పనిని వాళ్లు అట్లా అంటారేమోలే అనుకున్నారు ఇద్దరూ. బస్సు ఆదోని పత్తి మిల్లులు దాటాక గానీ ఆయనకు వెలగలేదు.

"ఏమే, ఆయప్ప నన్ను పేకాటోడు అన్నాడా?"

"అట్లనే ఇనపడింది నాకు గూడా."

"మరి అప్పుడే సెప్పకూడదా?"

"నీ నోరు యాడికి పోయిండె?"

ఆ కాగితం జిరాక్సుకు నా దగ్గరికి వచ్చింది, నేను తెలుగులోకి మార్చి చదివాను, మధ్యాహ్నానికి వీధికి తెలిసింది. చెప్పింది నేనే. సాయంత్రానికి లక్ష్మప్ప మొదలుపెట్టాడు. "ఏమప్పా, ఈ పొద్దు జోకరు పడిందా?" పాల దగ్గర, కొళాయి దగ్గర, ఆయన కనబడితే చాలు, "పెద్దాయనా, మా చెయ్యి కూడా కలుపు" అని మగవాళ్లు చేతులు చాపేవాళ్లు. ఆయన నవ్వలేదు. మెల్లగా పాల దగ్గరికి పోవడం మానేశాడు. బయటి పనులన్నీ పెద్దమ్మ మీద పడ్డాయి. నిద్రమాత్ర వేసుకుంటే మగ్గం మీద తూలుతున్నానని దాన్నీ మానేశాడు.

ఇక్కడ నేను చదివిన పుస్తకం గురించి రెండు మాటలు. చిత్తు కాగితాల అంగట్లో కేజీ లెక్కన అమ్మేసిన నర్సింగు పుస్తకం అది. అట్ట లేదు. గుండె ఉన్న పేజీలు మాత్రం చెదలు తినలేదు. అందులో ఉన్నది నన్ను చాలా రోజులు వదల్లేదు. గుండె కొట్టుకోవడానికి మెదడు చెప్పనక్కర్లేదు. కుడివైపు పై గది గోడలో చింతగింజ కంటే పెద్దది కాని కణాల గుంపు ఒకటి ఉంటుంది. ఉప్పులో ఉండే సోడియం లాంటివే ఆ కణాల గోడలు దాటి కొద్దికొద్దిగా లోపలికి కారుతుంటాయి. ఒక హద్దు చేరగానే కరెంటు పుడుతుంది. అది పై గదుల మీదుగా పారి, మధ్యలో ఒక చోట సెకనులో పదో వంతు ఆగి, కింది గదులకు దిగుతుంది. కండ ముడుచుకుంటుంది, నెత్తురు బయటికి పోతుంది. మళ్లీ కారడం మొదలు. రోజుకు లక్షసార్లు. ఎవరూ తాడు లాగరు.

వయసు మీదపడితే ఆ గుంపులో కణాలు తగ్గి, వాటి మధ్య పీచు పెరుగుతుంది. అప్పుడు అది కొన్నిసార్లు కరెంటు పుట్టించడం మరిచిపోతుంది. రెండు సెకన్లు, మూడు, ఐదు. మెదడుకు నిల్వ చేసుకునే అలవాటు లేదు. నెత్తురు నాలుగైదు సెకన్లు రాకపోతే కళ్ల ముందు నలుపు. ఇంకొంచెం సాగితే మనిషి పడిపోతాడు. మళ్లీ గుండె అందుకుంటే లేచి కూర్చుంటాడు, ఏమీ జరగనట్టే ఉంటాడు. అప్పుడు ఇ.సి.జి. తీస్తే అది బాగానే ఉంటుంది. ఎందుకంటే ఆ కాగితం మీద పడేది పది సెకన్లు. రోజులో అట్లాంటి పదులు ఎనిమిది వేల ఆరువందల నలభై ఉన్నాయి. డాక్టరు చూసింది అందులో ఒకటి.

ఇదంతా చదివి కూడా నాకు పెద్దనాయన గుర్తుకు రాలేదు. చదువు అంటే అంతే, పుస్తకం ఒక దిక్కు, ఇల్లు ఒక దిక్కు.

జూలైలో ఒక సాయంత్రం పెద్దమ్మకు కరెంటు బిల్లు కాగితం ఇవ్వడానికి వాళ్ల ఇంటికి పోయాను. ఇంకా ఎండ ఉంది. లక్ష్మప్ప నేస్తున్నాడు. పెద్దనాయన మాత్రం నేసిన గుడ్డ మీదికి వంగి, పొద్దుటి నుంచి నేసినదంతా ఒక్కొక్క పేకే ఊడదీస్తున్నాడు.

"ఏమిటికి పెద్దనాయనా?"

"గీతలు పడినాయి."

"ఎన్ని?"

ఆయన ఇంకో పేక లాగాడు. లక్ష్మప్ప చెప్పాడు. "ఆరు. నిన్న ఐదు. నేసేది పగలంతా, ఇప్పేది సాయంత్రమంతా. పంచె ఎప్పటికి అయితుందో ఏమో. పోయిన ప్రతిసారీ చెయ్యి వదులైతాది, ఆ పేకలు గట్టిగా ఆనవు, గీత పడుతుంది. నేను ఎంచుతాండాను కదా, నాలుగు, ఐదు, అంతే పోయేది."

అప్పుడు నాకు వినబడింది. లక్ష్మప్ప మగ్గం టక్, టక్ అంటోంది. జేబులోంచి ఫోను తీసి గడియారం పెట్టి లెక్కపెట్టాను. నిమిషానికి అరవై దెబ్బలు. మళ్లీ లెక్కపెట్టాను. అరవై ఒకటి. పేకకు ఒక సెకను. నాలుగు పేకలు, నాలుగు సెకన్లు. ఐదు పేకలు, ఐదు. ఒక మనిషి తన గుండె ఎంతసేపు ఆగిపోతోందో సెకన్లతో సహా డాక్టరుకు చెప్పాడు. డాక్టరు దాన్ని పేకాట అని రాసుకున్నాడు. నేను దాన్ని వీధికి చదివి వినిపించాను.

గడప దాటి మగ్గం దగ్గరికి పోయాను.

"పెద్దనాయనా, నీది కునుకు గాదు. గుండె నిలబడిపోతాంది. నాలుగు సెకన్లు, ఐదు సెకన్లు. ఈ గీతలన్నీ అవే. ఈ గుడ్డ ఇప్పొద్దు, ఇట్లనే డాక్టరుకు సూపిద్దాం."

"గీతలు పడిన గుడ్డ తీసుకొని ఊరు దాటాల్నా?"

"సచ్చిపోతావు పెద్దనాయనా!"

"నువ్వు ఉండిపోతావా?" అని, మళ్లీ వంగి ఊడదీయడం మొదలుపెట్టాడు.

నాకు తెలిసినదంతా చెప్పాను. చింతగింజ, ఉప్పు, కరెంటు, ఎనిమిది వేల ఆరువందల నలభై. ఆయన విన్నాడు. "నువ్వు బాగా సదువుకుంటివి గురూ," అన్నాడు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. పెద్దమ్మ ఏడ్చింది. దానికీ ఆయన చెయ్యి ఆగలేదు. మా నాయన మగ్గం మీద గీత ఉండనిచ్చేవాడు కాదు, నేనూ ఉండనివ్వను, అంతే ఆయన మాట.

మగ్గం ఆపింది లక్ష్మప్ప. మామూలుగా చీకటి పడేదాకా ఆపడు.

"ఒగ మాట అడుగుతా సెప్పు మార్కండేయా. నువ్వు పోతే ఆ కాగితం ఉంటాదా ఉండదా?"

"ఏం కాగితం?"

"డాక్టరు కాగితం. పేకాటోడు అని రాసింది. మేమంతా నోటితో అన్నాము, రేపు మరిచిపోతాము. అది కాగితం మీద ఉంది, కంప్యూటర్లో గూడా ఎక్కించి ఉంటారు. ఏం గురూ?"

"ఎక్కించి ఉంటారు," అన్నాను.

"ఇను. నేత సరిగా రాని మార్కండేయులు అనిపించుకుంటావా, పేకాట మార్కండేయులు అనిపించుకుంటావా? రెంట్లో ఒగటి తీసుకో. రెండూ వద్దంటే కుదరదు."

పెద్దనాయన చేతిలో పేక దారం అట్లాగే ఉండిపోయింది. "మా నాయన నేర్పించినాడు అని గూడా సెప్తిని," అన్నాడు చివరికి. "ఆయన్ని గూడా పేకాటోణ్ణి సేస్తి."

మరుసటి రోజు నేసింది నేసినట్టు వదిలేశాడు. దీపం పెట్టే వేళకు రెండుసార్లు చెయ్యి గుడ్డ మీదికి పోయిందని, చేతులు కట్టుకుని బయట అరుగు మీద కూర్చున్నాడని పెద్దమ్మ చెప్పింది. ఆ పంచెలో ఏడు గీతలు పడ్డాయి. కోసి నా చేతికిచ్చాడు. నేను దాన్ని అంగడికి తీసుకుపోయి, సేటు లేనప్పుడు, పెద్ద సైజు కాగితం మీద ఆ గీతలున్న చోటల్లా జిరాక్సు తీశాను. ఎందుకు తీశానో అప్పుడు నాకే తెలియదు. గుడ్డ జిరాక్సులో బూడిద రంగు వచ్చింది, గీతలు నల్లగా వచ్చాయి. ఆ సంగతి లక్ష్మప్పకు ఒక్కడికే చెప్పాను.

ఆదోని పోయినప్పుడు సేటును అడగలేదు, చెప్పకుండా పోయాను. పెద్దనాయన దారి పొడుగునా పంచెను పేపర్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పుకున్నాడు. లోపలికి పోగానే గుండె గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

"సార్, నేను పేకాట ఆడను. ఆ మాట కొట్టేయాల."

డాక్టరు నా మొహం చూశాడు. నేను చెప్పబోయాను. పెద్దనాయన ఆగమన్నట్టు చెయ్యి ఎత్తి, బల్ల మీద పంచె పరిచాడు.

"ఇది పడుగు సార్. ఇది పేక. నేను నేసేది ఇదే. పేక పోయింది అంటే, సెయ్యి ఆడలేదు అని. అంతే. మా నాయన గూడా ఇదే నేర్పించినాడు. ఆయన సుట్ట గూడా తాగలేదు."

ఇ.సి.జి. బల్ల దగ్గర ఇర్ఫానా చేత్తో నోరు మూసుకుంది. "అల్లా! సార్, మనం ముక్కలనుకొంటిమి," అంది.

డాక్టరు నవ్వలేదు. పంచెను ట్యూబ్‌లైటు కిందికి జరిపి, గీతల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. "ఇవన్నీ ఒక్క రోజులోనా?" అని అడిగాడు.

"నిన్న ఒగ పొద్దులో సార్. రోజూ పడతాయి. సాయంత్రం ఊడదీసి మళ్లీ నేస్తాను. ఇట్ల బయటికి తెచ్చింది ఇదే మొదలు. మీరు ఎవురికీ సూపొద్దు."

"ఊడదీస్తారా? ఇన్నాళ్ల నుంచీ?"

"ఊడదీయకపోతే ఎట్ల సార్?"

అప్పుడు నేను చెప్పాను, పేకకు ఒక సెకను అని. డాక్టరు పాత కాగితం తెప్పించుకుని తను రాసింది తనే చదువుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పేకాట అన్న మాట మీద పెన్నుతో గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాడు. నాలాంటి వాడికి చదువుకున్నవాళ్ల చెవులు ఎర్రబడటం చూస్తే సంతోషం కలగాలి. కలగలేదు. నా చెవులు వేడిగానే ఉన్నాయి.

ఇర్ఫానా ఒక చిన్న పెట్టె తెచ్చి ఆయన మెడలో వేసి, వైర్లు ఛాతీకి అంటించింది. "తాతా, రేపు ఈ టైముదాకా తీయొద్దు. స్నానం చేయొద్దు. మగ్గం నేయి, ఏం కాదు."

"ఇది ఏం సేస్తుంది పాపా?"

"నీ పేకలు ఎంచుతాది," అంది.

ఆయన ఆ మాటకు నవ్వాడు. రెండు నెలల్లో అదే మొదటిసారి నేను చూడటం.

ఆ సాయంత్రమూ మరుసటి పొద్దున్నా పెట్టె మెడలో ఉంచుకునే నేశాడు. లక్ష్మప్ప పక్కనుంచి "నాలుగు" అనగానే పెద్దమ్మ గడియారం చూసి గోడ మీద సుద్దముక్కతో టైము రాసింది. గోడ మీద ఐదు టైములు పడ్డాయి. మధ్యాహ్నం పెట్టె తిరిగిచ్చాం. డాక్టరు కంప్యూటర్లో గీతలు నడిపించాడు. గుండె గీత పైకి, కిందికి, పైకి, కిందికి, ఆ తర్వాత నేరుగా, ఏమీ లేకుండా. నేను గోడ మీది టైములు రాసుకుపోయిన చీటీ చదువుతుంటే డాక్టరు అక్కడికి తిప్పేవాడు, అక్కడ ఆ ఖాళీ ఉండేది. ఐదుకు ఐదూ సరిపోయాయి. నిద్రలో ఇంకో మూడు ఉన్నాయి, అవి లెక్కపెట్టడానికి లక్ష్మప్ప లేడు. అన్నిటికంటే పెద్దది ఐదు పాయింట్ ఆరు సెకన్లు.

"ఐదున్నర పేకలండీ," అన్నాడు డాక్టరు పెద్దనాయనతో. "ఇది పది దాటే రోజు ఎప్పుడొస్తుందో చెప్పలేం. మీరు గుంటలో కూర్చుని ఉండబట్టి మళ్లీ పడలేదు. రోడ్డు మీదో మెట్ల మీదో అయితే ఏమయ్యేదో."

కర్నూలు పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు. ప్రభుత్వ ఆరోగ్య కార్డు పని చేసింది. వారం వరండాలో పడుకున్నాక ఎడమ భుజం కింద, చర్మం లోపల, అగ్గిపెట్టె అంత డబ్బా ఒకటి పెట్టారు. దాని తీగ నరంలోంచి గుండెలోకి పోతుంది. అది ఊరికే కనిపెట్టుకుని ఉంటుంది. ఒక సెకను చూస్తుంది. ఆ లోపు గుండె తనంతట తను కొడితే జోలికి పోదు. కొట్టకపోతే తను కొట్టిస్తుంది. దీన్ని నేను ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి ఎక్కువ కష్టపడలేదు. "ఒగ పేక సూస్తాది పెద్దనాయనా. రెండోది పోనీదు," అన్నాను. "అంతే గదా," అన్నాడు.

ఆరు వారాలు ఎడమచెయ్యి భుజం పైకి ఎత్తొద్దు, లాగే పని అసలే వద్దు అన్నారు. అచ్చు లాగేది ఆ చెయ్యే. మగ్గం ఖాళీగా ఉంది. లక్ష్మప్ప ఒక్కడే నేస్తుంటే ఆ గది చప్పుడు సగమై, వినడానికి ఏదోలా ఉండేది. కుట్లు చూపించడానికి ఆదోని పోయినప్పుడు, డాక్టరు ఆ ఏడు గీతల పంచె తన దగ్గర ఉంచుకుంటానని అడిగాడు. తన తర్వాత వచ్చే పిల్ల డాక్టర్లకు చూపిస్తానన్నాడు. మర్యాదగానే అడిగాడు.

"వద్దు సార్. నేను పోయినాక గూడా అది ఉంటాది. సూసినోళ్లు గుండె సూడరు, నేత సూస్తారు," అన్నాడు పెద్దనాయన. మళ్లీ పేపర్లో చుట్టుకుని తెచ్చుకున్నాడు.

ఆ ఆరు వారాలూ అరుగు మీద కూర్చుని, ఒక్క కుడిచేత్తో, ఆ పంచెనూ పెట్టె మెడలో ఉన్నప్పుడు నేసిన గుడ్డనూ మొదటి నుంచి చివరి దాకా ఊడదీశాడు. పడుగు ఎట్లాగూ తెగిపోయింది, అది పనికిరాదు. పేక నూలు మాత్రం పెద్దమ్మ మళ్లీ కండెలకు చుట్టింది. పోయే వచ్చేవాళ్లు పలకరించేవాళ్లు. ఎవరూ జోకరు గురించి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని లక్ష్మప్ప అన్నాడు.

సెప్టెంబరులో గుంటలోకి దిగాడు. మొదటి రోజు నేను కూడా పోయి కూర్చున్నాను. అప్పటికి జిరాక్సు అంగట్లో పని పోయింది, కూర్చోవడానికి తీరిక ఉంది. మొదట కాసేపు రెండు మగ్గాలూ ఎడంగా కొట్టాయి. తర్వాత దగ్గరికి వచ్చాయి. మధ్యాహ్నానికి ఒకటయ్యాయి. లక్ష్మప్ప సాయంత్రం దాకా నోరు విప్పలేదు, పెదాలు కదులుతూనే ఉన్నాయి. దీపం పెట్టే వేళకు మగ్గం ఆపి, "ఒగటీ పోలేదు," అన్నాడు, కొంచెం నిరాశగా.

పెద్దనాయన గుడ్డ మీదికి వంగి పై నుంచి కింది దాకా అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నీ తావ జిరాక్సు ఉందంట కదా గురూ."

లక్ష్మప్ప ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఉంది."

"సింపేయ్."

"సింపేస్తాలే పెద్దనాయనా."

"సింపేసినాక సెప్పు."

మరుసటి రోజు పోయి, చింపేశానని చెప్పాను. చింపలేదు. నర్సింగు పుస్తకంలో గుండె బొమ్మ ఉన్న పేజీ దగ్గర మడిచి పెట్టాను.